ఊళ్ళు తిరిగిన చేపల పెట్టె

మొన్న ఆదివారం మా స్నేహితురాలి కూతురు గుడివాడ నుంచి మా ఇంటికి వచ్చింది. డిజైన్‌లో మాస్టర్స్ చెయ్యాలని అప్లై చేస్తోందట. ఒళ్ళో ట్యాబ్ పెట్టుకుని వేలితో ఒక్కో పేజీ తోస్తూ తన పోర్ట్‌ఫోలియో చూపించింది. ఎంత శుభ్రంగా ఉందనుకున్నారు. తెల్లటి పేజీ మధ్యలో ఒక చిన్న బొమ్మ, దాని కింద చీమ తలకాయంత అక్షరాలు, మిగతాదంతా ఖాళీ. నేను పనిచేసిన ఫ్లెక్సీల షాపులో అంత ఖాళీ వదిలి ఉంటే మా ఓనరు ఆ రోజే నన్ను ఇంటికి పంపేసేవాడు. "ఆంటీ, మీ పోర్ట్‌ఫోలియో ఉందా? ఒకసారి చూడొచ్చా?" అని అడిగింది పాపం, ఎంతో మర్యాదగా. నాకు నవ్వు ఆగలేదు. "ఉండేదమ్మా, దాని మీద మా అమ్మ ఎండు రొయ్యలు ఆరబోసేది" అన్నాను. ఆ పిల్ల నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని మొహమాటంగా నవ్వింది. తను వెళ్ళిపోయాక నేను ఆ పూట వంట కూడా చెయ్యలేదు. కుర్చీలో కూర్చుని ఒక్కదాన్నే ఒకటే నవ్వు. మా ఆయన వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి వెళ్ళాడు.

మాది నాగాయలంక. ఊరి చివర కాలవ వెంబడి ఉండే వరసలో మా ఇల్లు. నాన్నకి పడవ ఉండేది, ఆయన మాట తక్కువ మనిషి. ఒడ్డున ఉన్నంతసేపూ వల ముందేసుకుని కూర్చుని కుట్టుకుంటూ ఉండేవాడు, ఏదైనా అడిగితే దారం పళ్ళ మధ్య పట్టుకుని "ఊఁ" అనేవాడు. అది అవునో కాదో అమ్మకి మాత్రమే తెలిసేది. ఇంటి పెత్తనమంతా మా మేనత్త నాంచారమ్మది. మావయ్య చిన్న వయసులోనే పోతే పుట్టింటికి వచ్చేసి, చేపల బేరం పెట్టుకుని, మా అందరి మీదా అధికారం చేసేది. తెల్లారేసరికి రేవులో చేపలు కొనుక్కుని, సత్తు బేసినులో ఐసు వేసి సర్దుకుని, మొదటి బస్సుకి గుడివాడ వెళ్ళేది. గుడివాడలో చెరువు చేపలకి లోటు లేదు గాని, సముద్రపు చేప కావాలంటే కొన్ని ఇళ్ళవాళ్ళు మా అత్త కోసం గుమ్మంలో కుర్చీ వేసుకుని ఎదురుచూసేవాళ్ళు. మధ్యాహ్నం తిరిగొచ్చి, నూతి దగ్గర చింతపండు పులుసుతో చేతులు రుద్దుకుని, సబ్బుతో కడిగి, మళ్ళీ పసుపు రాసుకుని కడిగి, అప్పుడు నన్ను దగ్గరికి పిలిచేది. ప్రేమతో అనుకునేరు. నా చేతులు వాసన చూడ్డానికి. ఆ పూట నేను రేవు వైపు వెళ్ళి ఏ చేపనో ముట్టుకుని ఉంటే ఆ వాసన ఎంత కడిగినా మా అత్త ముక్కుకి దొరికిపోయేది. "నీ చేతికి ఈ వాసన అంటడానికి వీల్లేదే వీరా. మీ నాయనకీ నాకూ అంటింది చాలు" అని నూతి దగ్గరికి లాక్కెళ్ళి నా చేతులు కూడా చింతపండుతో తోమేది. చేపలు పట్టేవాళ్ళింట్లో పుట్టి, రోజూ రెండు పూటలా చేపల పులుసు తిని, చేపని కొయ్యడం రాని పిల్లని మా వీధి మొత్తానికీ నేనొక్కదాన్నే. మా వాడలో అత్తలందరూ నన్ను "కలెక్టరు గారు" అని పిలిచేవారు.

డిగ్రీ అయ్యాక అవనిగడ్డలో ఫ్లెక్సీలు వేసే షాపులో చేరాను. ఆ రోజుల్లో ఫ్లెక్సీ లేకుండా మనిషి పుట్టేవాడు కాదు, పెళ్ళాడేవాడు కాదు, పోయేవాడూ కాదు. ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ అంటే పిల్ల బొమ్మ మధ్యలో, చుట్టూ చుట్టాలందరి మొహాలూ. ఎవరి మొహం ఎంత ఉండాలి అన్నది పెద్ద శాస్త్రం. మేనమామ మొహం పెద్దనాన్న మొహం కంటే రవ్వంత చిన్నదైనా ఆ మేనమామ ఫంక్షన్‌కి రాడు, వచ్చినా భోంచెయ్యడు. నేను ఆ లెక్కలన్నీ ఏ గొడవా రాకుండా తేల్చడంలో ఆరితేరిపోయాను. దివిసీమ మొత్తం మీద ఏ ఇంట్లో ఎవరికి ఎవరితో పడదో నాకు తెలుసు. ఒకసారి ఆక్వా కంపెనీ బోర్డు పని మీద బెంగళూరు నుంచి వచ్చిన ఒకావిడ నా పక్కన కుర్చీలో కూర్చుని, నేను చేసేది చాలాసేపు చూసి, "నువ్వు డిజైన్ చదవచ్చు కదమ్మా, మాస్టర్స్ ఉంటుంది" అంది. చదువుతారని అప్పుడే తెలిసింది నాకు. అప్పటిదాకా డిజైన్ అంటే చీర అంచు అనుకునేదాన్ని.

ఆవిడ చెప్పిన ఉత్తరాది కాలేజీకి అప్లై చేస్తే పోర్ట్‌ఫోలియో తెమ్మన్నారు. మీ పనులన్నీ చక్కగా ప్రింటు తీసి ఇంటర్వ్యూకి పట్టుకురండి, అని ఉంది. ఎంత సైజులో అని నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. మాకు ప్రింటు అంటే ఒకటే ప్రింటు. నేను చేసినవాటిలో మంచివన్నీ ఏరి, పుట్టినరోజులు, ఓణీలు, రొయ్యల మేత కంపెనీలు, ఒక చర్చి వార్షికోత్సవం, అన్నీ వరసగా పేర్చి, పైన నా ఫొటో పెట్టి, చుట్టూ బంగారు రంగు అంచు వేసి, షాపులో ఉన్న మెషీన్ మీద ఒకే ఒక్క ఫ్లెక్సీగా తీశాను. గదంత పొడుగు వచ్చింది. మా ఓనరు ఉత్సాహం ఆపుకోలేక నాలుగు మూలలా రింగులు కూడా కొట్టించాడు, కట్టుకోడానికి వీలుగా ఉంటుందని. దాన్ని చాప చుట్టినట్టు చుట్టి రైల్లో పై బెర్తు మీద పెట్టుకుని అంత దూరం వెళ్ళాను. మిగతా పిల్లలందరి చేతుల్లో నల్లటి పల్చటి ఫైళ్ళు. నన్ను చూసి షామియానా వేసే మనిషి అనుకుని ఒకాయన "టెంటు వెనకవైపు" అని దారి చూపించాడు. లోపలికి పిలిచాక ముగ్గురు పెద్దమనుషుల ముందు నేలంతా పరిచాను. బల్లలు జరపాల్సి వచ్చింది. వాళ్ళు కుర్చీల్లోంచి లేచి, చెప్పులు విప్పేసి, నా పోర్ట్‌ఫోలియో మీద నడుస్తూ చూశారు. వాళ్ళలో ఒకావిడ ఓణీల ఫంక్షన్ బొమ్మ దగ్గర ఆగిపోయి, "ఈయన మొహం ఎందుకింత పెద్దగా ఉంది?" అని అడిగింది. "ఈయన రెండేళ్ళుగా అలిగి ఉన్నాడండీ, అది చూసుకున్నాకే ఫంక్షన్‌కి వచ్చాడు" అన్నాను. వచ్చీరాని నా హిందీలో ఆ కథంతా చెప్పాను. మొదట ఆవిడ నవ్వింది, తర్వాత ముగ్గురూ నవ్వారు, చివరికి బయట కూర్చున్న పిల్లలు తలుపు సందులోంచి తొంగిచూశారు. సీటు వచ్చింది. ఆ ఆవిడే తర్వాత నా గైడు అయింది.

సీటు రావడం ఒక ఎత్తు, ఏం చదవబోతున్నానో మా వాడలో చెప్పడం ఇంకో ఎత్తు. "కుట్టు మెషీనా?" అని ఒకావిడ. "ముగ్గులకి కూడా కాలేజీ పెట్టారంటమ్మా" అని ఇంకొకావిడ. నాన్న "ఊఁ" అన్నాడు. అమ్మ ఆ ఊఁకి అర్థం చెప్పింది, వెళ్ళమంటున్నాడని. అత్త మాత్రం ఒకటే అడిగింది. "అక్కడ చేతులు శుభ్రంగా ఉంటాయా?" ఉంటాయన్నాను. "అయితే వెళ్ళు" అంది. నిజానికి అక్కడ నా చేతులకి జిగురూ రంగూ ప్లాస్టరూ వదిలేవే కావు. ఆ సంగతి చెప్పలేదు.

చివరి ఏడాది ప్రాజెక్టు ఏం చెయ్యాలన్నప్పుడు నా తోటివాళ్ళు విమానం సీట్లూ, ఆసుపత్రి మంచాలూ ఎంచుకున్నారు. నాకు కళ్ళు మూసుకున్నా తెరిచినా మొదటి బస్సులో వెనక మెట్ల దగ్గర నిలబడ్డ మా అత్తే. ఎందుకంటే ఆవిడ టిక్కెట్టు కొనేది గాని సీటు అడిగేది కాదు. బేసినులోంచి ఐసు నీళ్ళు కారతాయి, ఎవరి చెప్పులో తడుస్తాయి, ఎవరో ముక్కు మూసుకుంటారు, కండక్టరు "కాస్త వెనక్కి అత్తా" అంటాడు. ఆయన మంచివాడే, గట్టిగా కూడా అనడు. ఆ మాట అనకముందే ఈవిడ వెనక్కి వెళ్ళిపోయేది. గుడివాడ దాకా, ఖాళీ సీట్లున్నా, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఒక కాలితో బేసిను అదిమి పెట్టుకుని నిలబడేది. కాళ్ళు వాచి ఇంటికొచ్చేది. నీళ్ళు కారని, వాసన రాని పెట్టె ఒకటి చేస్తే మా అత్త కూర్చుంటుంది. నా ప్రాజెక్టు మొత్తం ఇదే. దీన్ని నలభై పేజీల ఇంగ్లీషులోకి మార్చడానికి నాకు చాలా నెలలు పట్టింది.

పెట్టె బాగా వచ్చింది. నా పని గురించి నేనే చెప్పుకుంటున్నానని కాదు గాని, నిజంగా బాగా వచ్చింది. పైన ఫైబరు, లోపల చల్లదనం నిలిచే పొర, కరిగిన ఐసు నీళ్ళు కిందికి దిగి చేరడానికి ఒక అర, ఆ నీళ్ళు వదిలెయ్యడానికి పక్కన చిన్న కుళాయి, తల మీద పెట్టుకుంటే ఒరుసుకోకుండా కింద మెత్త. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ నాలో ఫ్లెక్సీల మనిషి ఊరుకుంటుందా? మీగడ రంగు వేశాను. మూత మీద కలంకారీ పూల తీగ ఒకటి ఎర్రగా పాకించి అంచు తిప్పాను. కాలేజీలో అందరూ ఆహా ఓహో అన్నారు. సెలవుల్లో ఇంటికి తెచ్చి అత్త చేతికిచ్చి, "నెల రోజులు దీంట్లో చేపలు పట్టుకెళ్ళు, తర్వాత వచ్చి ఎలా ఉందో అడిగి ఫొటోలు తీసుకుంటాను, అది చూపిస్తేనే డిగ్రీ ఇస్తారు" అని చెప్పాను. అత్త కొంగుతో మూత తుడిచి, "అలాగేలే" అంది. చేసింది ఒకే ఒక్క పెట్టె. ఇంకోటి చేసే ఓపిక నాకూ లేదు, కాలేజీ వర్కుషాపుకీ లేదు.

నెల తర్వాత, మంచి ఎండల్లో, హాస్టలు స్నేహితురాలి కెమెరా అరువు తెచ్చుకుని దిగాను. మూడో రోజు సాయంత్రం నాకు తిరుగు రైలు. పరీక్ష పెద్దలు ఆ వారమే కూర్చుంటున్నారు. ఇంట్లో అడుగుపెట్టేసరికి అత్త ఎప్పటి సత్తు బేసినునే పీచు పెట్టి తోముతోంది. "పెట్టె ఏదత్తా?" అన్నాను. "బంటుమిల్లిలో ఉంది" అంది, అదేదో పెట్టెకి అక్కడ చుట్టాలున్నట్టు. జరిగిందేమిటంటే, మా బాబాయి కూతురు కుమారికి ఏడో నెల వచ్చింది. చలిమిడి పంపాలి. ఇంట్లో ఉన్న గిన్నెలన్నిటిలోకీ నా పెట్టే అందంగా కనిపించింది. దాని నిండా చలిమిడి పెట్టి బంటుమిల్లి పంపేశారు. "మరి తిరిగి రాలేదేం?" అంటే, అమ్మా అత్తా ఇద్దరూ నా వంక జాలిగా చూశారు. ఇంటికొచ్చిన గిన్నెని ఖాళీగా తిప్పి పంపుతారా ఎవరైనా? కుమారి అత్తగారు దాంట్లో ఏదో ఒకటి నింపాలి కదా. ఆవకాయ కలిపాక పంపుదామని ఆగిందట ఆవిడ.

బంటుమిల్లి వెళ్ళాను. కుమారి పొట్ట పట్టుకుని ఎదురొచ్చింది, వాళ్ళ అత్తగారు మజ్జిగ ఇచ్చింది, పెట్టె మాత్రం లేదు. ఆవకాయ కలిపారు, పెట్టెలో సర్దారు, సరిగ్గా అప్పుడే ముదినేపల్లిలో వాళ్ళ ఆడపడుచు ఇంట్లో పెళ్ళి. "ముందు వాళ్ళకి అందిద్దాం, అక్కణ్ణుంచి వాళ్ళే మీకు నింపి పంపిస్తారని ఇచ్చానమ్మా" అంది ఆవిడ. "మీ పెట్టెకి ఏం ఢోకా లేదు. ఎంత బావుందో, మా వీధిలో అందరూ వచ్చి చూసి వెళ్ళారు." నేను ఏడవాలో నవ్వాలో తెలియక ఇంకో గ్లాసు మజ్జిగ తాగాను. ముదినేపల్లి వెళ్ళాను. పెళ్ళి అయిపోయింది, పందిరి విప్పుతున్నారు. పెళ్ళికూతురు తండ్రి నన్ను చూడగానే రెండు చేతులూ జోడించాడు. "ఆ పెట్టె చేసింది మీరేనా అమ్మా? మా పరువు నిలబెట్టారండీ." ఆ ఎండలో పెళ్ళివారికి మజ్జిగ అందులో పోసి, పక్కన ఉన్న కుళాయి తిప్పి గ్లాసుల్లో పట్టి ఇచ్చారట. చివరి పంక్తి దాకా చల్లగానే ఉందట. చేపల నీళ్ళు వదలడానికి నేను రెండు నెలలు తలబద్దలు కొట్టుకున్న కుళాయి అది. "మరి పెట్టె ఏదండీ?" అంటే, లడ్డూలు నింపి నిన్ననే మస్తాన్ గారి ఐసు వ్యానులో నాగాయలంక పంపించేశామన్నాడు.

మస్తాన్ గారు నాన్నకి చిన్ననాటి స్నేహితుడు, బందరులో ఐసు డిపో. ఆయనకి ఫోను చేశాను. అప్పటికి ఇంటికో సెల్‌ఫోన్ వచ్చింది గాని అందులో బ్యాలెన్స్ ఉండేది కాదు, కాబట్టి నేను మిస్డ్ కాల్ ఇస్తే ఆయన తిరిగి మిస్డ్ కాల్ ఇచ్చాడు. ఇలా లాభం లేదని మర్నాడు బందరు బస్సెక్కాను. డిపోలో ఆయన నన్ను చూసి తల పట్టుకుని నవ్వాడు. "నాగాయలంకే తీసుకెళ్తున్నానమ్మా. ఆ లడ్డూల్లో సగం మాకని పెళ్ళివారు చెప్పారు కదా, తీసుకుందామని ఇంటి దగ్గర దింపాను. మీ పిన్ని దాన్ని మళ్ళీ బండెక్కనివ్వలేదు." మస్తాన్ గారి భార్య జైనబీ పిన్ని పెట్టె మూత తెరిచి చూపించింది. నిండా మల్లెపూలు. వాళ్ళ రెండో అమ్మాయి నిఖా ఆ వారమే. ఐసు అడుగున వేసి, తడిగుడ్డలో చుట్టి, పొద్దున కోసిన మొగ్గలు అందులో పెట్టింది. ఆ గది గదంతా ఘుమఘుమలాడిపోతోంది. "పిన్నీ, నాకిప్పుడే ఇచ్చెయ్యి, రేపు నాకు రైలుంది" అన్నాను. "ఖాళీ పెట్టె ఎలా ఇస్తానే తల్లీ? నలుగురూ ఏమనుకుంటారు?" అంది పిన్ని. "ఎవరూ ఏమీ అనుకోరు, నాకు డిగ్రీ రాదంతే." ఆవిడ ఆలోచించి, పూలన్నీ తీసి, ఒక్క దండ మాత్రం లోపల ఉంచి మూత వేసింది. అప్పుడు గాని ఆవిడ మనసు కుదుటపడలేదు. "అవునూ, ఇది దేనికి చేశావు ఇంతకీ?" అని గుమ్మం దాకా వచ్చి అడిగింది. చేపలకి, అన్నాను. జైనబీ పిన్ని నన్ను ఎంత ఆశ్చర్యంగా చూసిందంటే, ఆ చూపు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. "దీంట్లో చేపలెవరు పెడతారే?"

బస్సులో పెట్టె ఒళ్ళో పెట్టుకుని మూత తెరిచి చూసుకున్నాను. ఒక మూల ఆవకాయ నూనె, ఒక అంచున పసుపు, నెయ్యి వాసన, మల్లెల వాసన. దివిసీమ నుంచి బందరు దాకా ఊరూరా తిరిగి, ఎవరి ముందూ తల దించకుండా పనిచేసి వచ్చింది. ఒక్క చేప తప్ప అన్నీ మోసింది. గర్వంతో నా గుండె ఉప్పొంగిపోయింది, ఆ వెంటనే పరీక్ష పెద్దలు గుర్తొచ్చారు. ఇంటికొచ్చి గైడు మేడమ్‌కి ఫోను చేస్తే ఆవిడ మొదట విరగబడి నవ్వింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "అంతా బాగుంది వీరా. కానీ చేపల పెట్టె అని రాశావు. చేపలతో, బస్సులో, ఒక్కసారైనా వాడినట్టు చూపించకపోతే పెద్దలు ఒప్పుకోరు. మళ్ళీ ఏడాది ఆగాల్సి వస్తుంది." మర్నాడు సాయంత్రం నా రైలు. మిగిలింది ఒక్క మొదటి బస్సు.

అత్త దగ్గర కూర్చుని చెప్పాను. బతిమాలాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నీకు పిచ్చా? ఇన్ని ఊళ్ళవాళ్ళు కళ్ళకద్దుకున్నదాన్ని తీసుకెళ్ళి చేపలు కుక్కమంటావా? ఒక్కసారి ఆ వాసన పట్టిందంటే వదులుతుందా? నువ్వు చేసిన వస్తువే అది, నా కూతురు చేసిన వస్తువు." నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ కోసం చేశానత్తా. ఊళ్ళో అందరూ వాడారు, నువ్వు తప్ప. నువ్వు కూర్చోవాలని చేస్తే, దాన్ని పెళ్ళికి పంపించి నువ్వు మాత్రం ఆ మెట్ల దగ్గరే నిలబడ్డావు." అమ్మ పొయ్యి దగ్గర గరిటె ఆపేసింది. నాన్న వల కుడుతున్నవాడల్లా దారం నోట్లోంచి తీసి, "నాంచారూ, పెట్టు" అన్నాడు. మా నాన్న నోట అంత పొడుగు మాట ఆ ఏడాదిలో అదే. అయినా అత్త లేచి లోపలికి వెళ్ళిపోయింది. నేను పంతానికి, తెల్లారకముందే లేచి, పెట్టె తీసుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చేపల బేరానికి రేవుకి వెళ్ళాను. పండుగప్ప చేపలు నాలుగు కొని, ఐసు వేసి, రెండు చేతులతో పట్టుకుని లోపల పెడుతుంటే ఒకటి జారి నా కాళ్ళ మీద పడింది. వాడలో అత్తలందరూ పడీ పడీ నవ్వారు, "కలెక్టరు గారు బేరం పెట్టారోచ్" అని. వెనక నుంచి ఎవరో నన్ను పక్కకి తోశారు. చూస్తే అత్త. ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చింది, ఫొటోలు తీస్తానన్నాను కదా అని. తిట్టుకుంటూనే చేపలు తనే సర్దింది. నా చేతులు చూసి, చూడనట్టు మొహం తిప్పుకుంది.

బస్సు వచ్చింది. అత్త అలవాటుగా వెనక మెట్ల వైపు నడిచింది. ఇంతలో కండక్టరు ముందు తలుపులోంచి తొంగిచూసి, "ఏంటత్తా, ఇవాళ బేరం మానేసి సారె పట్టుకెళ్తున్నావా? వెనకెందుకు, కుదుపులకి పాడైపోతాయి, ఇటు రా" అని పెట్టె అందుకుని, డ్రైవరు వెనక సీట్లో కూర్చున్న ఒకాయన్ని "కాస్త జరగండి సార్, పెళ్ళివారు" అని జరిపి, మా అత్తని కూర్చోబెట్టాడు. నేను నోరు తెరిచేలోగా అత్త, "గుడివాడకి రెండు కొట్టు" అంది. అబద్ధం ఒక్కటీ ఆడలేదు మహాతల్లి. అవనిగడ్డ దాటాం, మోపిదేవి దాటాం. అత్త ముందు అద్దంలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంది. ఆవిడకి ఆ రోడ్డు ఎదురుగా వస్తుంటే ఎలా ఉంటుందో తెలియదు, ఇన్నాళ్ళూ వెనక్కి పోయే రోడ్డే చూసింది. "చెట్లన్నీ మీదికొస్తున్నట్టున్నాయే" అంది నా చెవిలో. నేను కెమెరా తీసి ఫొటోలు కొడుతూనే ఉన్నాను, నవ్వుతో చెయ్యి ఊగి సగం పాడయ్యాయి. పామర్రు దగ్గర కండక్టరు తీరిగ్గా వచ్చి, "ఏం స్వీట్లత్తా, ఒకటి రుచి చూపించవా?" అన్నాడు. అత్త మూత తీసింది. ఐసు మీద పండుగప్పలు నాలుగూ నోళ్ళు తెరుచుకుని ఆయన్నే చూస్తున్నాయి. కండక్టరు చేపల్ని చూశాడు, అత్తని చూశాడు, వంగి సీటు కింద చూశాడు. నేల పొడిగా ఉంది. ముక్కు ఎగబీల్చాడు. "మల్లెపూల వాసనొస్తోందేంటి?" అన్నాడు. బస్సు మొత్తం నవ్వింది. పక్కకి జరిగిన ఆ పెద్దమనిషి, "పెద్దది నాకిచ్చెయ్యమ్మా, గుడివాడ దాకా ఎందుకు మొయ్యడం" అని బేరమాడి అక్కడే తీసుకున్నాడు.

మిగతావి గుడివాడలో అమ్మి, వీధి కుళాయి దగ్గర అత్త పెట్టెని కడిగి నాకిచ్చింది. నేను అటునుంచి అటే విజయవాడ వెళ్ళి రైలెక్కాను. పరీక్ష రోజు పెద్దలందరూ ఫొటోలు చూసి, కథ విని బాగానే నవ్వారు. వాళ్ళలో తెల్ల గడ్డం ఉన్న ఒకాయన మాత్రం నవ్వలేదు. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, "అంటే చేపలు కనపడకుండా దాచే పెట్టె చేశావన్నమాట. దాచాల్సినంత తప్పేముంది చేపల్లో?" అని అడిగాడు. అంతవరకూ నేనలా ఆలోచించలేదు. పూల తీగ వెయ్యకుండా ఉంటే కండక్టరు పిలిచేవాడా? పిలవకపోతే మా అత్త తనంతట తాను కూర్చునేదా? "నాకు తెలియదండీ" అన్నాను నిజాయితీగా. "మా అత్త మాత్రం కూర్చుంది." ఆయన ఏదో రాసుకున్నాడు. సాయంత్రానికి పాసయ్యానని చెప్పారు. హాస్టలు మెట్ల మీద నేనూ నా స్నేహితురాలూ ఎగిరి గంతులేశాం, ఆ గంతుల్లో అరువు కెమెరా కింద పడి మూత ఊడింది.

ఇప్పుడు మా వైపు చేపలన్నీ థర్మాకోల్ పెట్టెల్లో ఆటోల మీద వెళ్తున్నాయి. మా వాడలో పిల్లలు ఫోనులోనే ఫొటో పెట్టి అమ్మేస్తున్నారు, ఎవరూ బస్సులో మెట్ల దగ్గర నిలబడటం లేదు. నేనిన్నేళ్ళలో చాలా వస్తువులు చేశాను, కొన్ని మీ ఇళ్ళల్లో కూడా ఉండొచ్చు. ట్యాబ్ తెచ్చిన ఆ పిల్లలా తెల్ల పేజీ మధ్యలో చిన్న బొమ్మ పెట్టడం నేనూ నేర్చుకున్నాను. అప్పటి ఆ రంగుల పిచ్చి, ఆ తిరుగుడు, ఆ నవ్వు ఇప్పుడు రమ్మంటే రావు. కానీ ఆ గడ్డం ఆయన ప్రశ్న నన్ను వదల్లేదు. ఏ పని మొదలుపెట్టినా దాన్ని ఒకసారి నన్ను నేను అడుగుతాను. దానికి జవాబు మాత్రం ఆ పరీక్ష రోజు సాయంత్రమే దొరికింది, నేను పాసయ్యానని చెబుదామని ఇంటికి ఫోను చేసినప్పుడు.

ఫోను అమ్మ తీసింది. నేను నా సంగతి చెప్పేలోగానే, "ముందు మీ అత్త చేసిన పని విను" అంది. పెట్టె నాతో వచ్చేసింది కదా, అత్త మర్నాడు ఎప్పటి సత్తు బేసినే పట్టుకుని బస్సు దగ్గరికి వెళ్ళిందట. బేసిను తీసుకెళ్ళి వెనక మెట్ల దగ్గర పెట్టి, తను మాత్రం తిరిగి ముందుకొచ్చి, డ్రైవరు వెనక ఆ సీట్లోనే కూర్చుందట. కండక్టరు వచ్చి, నెమ్మదిగానే, "అత్తా, ఇవాళ ఆ పెట్టె లేదుగా మరి" అన్నాడట.

"పెట్టె పరీక్షకి వెళ్ళింది, నేను గుడివాడ వెళ్తన్నాను. టిక్కెట్టు కొట్టు" అందట మా అత్త.